కర్జకాన్ ఇంట్లో ఇనుప పొయ్యి

ఎడారి దేశంలో రెండు చలికాలాలు ఒక ఇంటిని వెచ్చగా ఉంచే పని చేశానంటే మా వైపు ఎవరూ నమ్మరు. మాకు గల్ఫ్ అంతా దుబాయే. దుబాయి అంటే ఎండే. బహ్రెయిన్ వేరే దేశమనీ, చుట్టూ సముద్రమనీ, డిసెంబరు సగం దాటాక ఆ నీళ్ల మీదుగా వచ్చే తడిగాలి రాతి గోడల్లో దూరి ఫిబ్రవరి పోయేదాకా బయటికి రాదనీ చెప్పినా, "అట్లనా" అని ఊరుకుంటారు.

తొంభైల మొదట్లో నేను షట్టరింగ్ పనికి వెళ్లాను. కాంక్రీటు పోసేముందు చెక్కలూ ప్లైవుడ్ పలకలూ బిగించి అచ్చు కట్టడం, గట్టిపడ్డాక వాటిని ఊడగొట్టడం మా పని. మూడేళ్లు చేశాక ఒకరోజు స్లాబు కింద నిలబెట్టిన ఇనుప ఊత జారి నా నడుము మీద పడింది. ఎముక విరగలేదు గానీ అప్పటినుంచి బరువెత్తితే ఎడమకాలు తిమ్మిరెక్కేది. క్యాంపులో మూడు వారాలు పడుకునే ఉన్నాను. నా వీసా ఎవరి పేరు మీద ఉందో ఆ కఫీల్ స్వయంగా వచ్చి చూశాడు. నలభై దాటిన మనిషి, చిన్న కాంట్రాక్టరు, కోపం తొందరగా వచ్చేది, తొందరగా పోయేది. ఇంటికి పంపించేస్తాడనుకున్నాను. ఆయన మాత్రం కర్జకాన్‌లో తమకొక ఖర్జూరపు తోట ఉందనీ, తన అమ్మానాన్నలు చలికాలం అక్కడి పాత ఇంట్లో గడుపుతామంటున్నారనీ, చూసుకునే మనిషి కావాలనీ చెప్పాడు.

"పొయ్యి వెలిగించడం వచ్చా?" అని హిందీలో అడిగాడు.

పల్లెటూరివాణ్ణి పట్టుకొని అదేం ప్రశ్న అనుకున్నాను. "వచ్చు" అన్నాను.

అది అబద్ధమని అప్పటికి నాకే తెలియదు. మా ఇంట్లో పొయ్యి ముట్టించింది మొదట మా అమ్మ, తర్వాత నా భార్య. నేను ఆ పొయ్యి పక్కన పీట వేసుకుని తిన్నవాణ్ణే గాని, ఒక్కనాడూ అందులో పుల్ల పెట్టినవాణ్ణి కాను.

కర్జకాన్ ఇల్లు సముద్రపు రాతితో కట్టింది. గోడలు మూరెడు మందం. పైకప్పుకు వరసగా కర్రలు పరిచి, వాటి మీద ఖర్జూరపాకుల చాప, దాని మీద మట్టి. ఎండాకాలం కోసం కట్టిన ఇల్లది. చలికాలంలో లోపలికి వెళ్తే బావిలోకి దిగినట్టుండేది. పెద్ద గదిలో, కొత్తగా పరిచిన ఇనుప రేకు మీద నల్లటి పొయ్యి ఒకటి కూర్చోబెట్టి ఉంది. నడుము ఎత్తు. ముందర అద్దం తలుపు, తలుపు కింద గాలికి ఒక కంత, ఆ కంతకు జరిపే మూత, అడుగున బూడిద సొరుగు. వెనకనుంచి ఒక గొట్టం లేచి, కిటికీ పైభాగంలో చెక్క తీసి బిగించిన రేకులోంచి బయటికి పోయింది.

ఆ పొయ్యి రావడానికి కారణం కఫీల్ తండ్రి. అంతకు ముందు ఏడాది ఆయన గుండె వైద్యానికి ఇంగ్లండు వెళ్లి, కోలుకునేదాకా తెలిసినవాళ్ల పల్లెటూరి ఇంట్లో రెండు నెలలు ఉన్నాడట. అక్కడ ఇలాంటి పొయ్యి ముందే కూర్చునేవాడట. తిరిగి వచ్చాక కరెంటు హీటరు ఆయనకు పడలేదు. దగ్గొస్తోందన్నాడు, నిప్పు కనబడకపోతే వెచ్చదనం ఒంటికి పట్టదన్నాడు. కొడుకు ఓడలో పొయ్యి తెప్పించాడు. దాంతోపాటు ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. అందులో బొమ్మలు నాకర్థమయ్యాయి, మాటలు అర్థం కాలేదు.

పెద్దాయన పొడుగు మనిషి, మాట తక్కువ. చిన్నప్పుడు బొంబాయిలో బట్టల కొట్టులో పని చేశాడు కాబట్టి హిందీ వచ్చు. నన్ను రఫీక్ అని పిలిచేవాడు. అది నా పేరు కాదు, అక్కడ మా బోటివాళ్లందరినీ అలాగే పిలుస్తారు. నేను ఆయన్ని బాబా అనేవాణ్ణి. ఆయన భార్యకు అరబ్బీ తప్ప మరో మాట రాదు. కొడుకులు ఆమెను యుమ్మా అనేవారు, నేను అమ్మా అనేవాణ్ణి. ఆమె రెంటికీ పలికేది. పొట్టిగా, గుండ్రంగా ఉండేది. పెరట్లో కోళ్లను పెంచేది. ఆ పొయ్యి అంటే ఆమెకు మొదటినుంచీ గిట్టలేదు.

మొదటిరోజు నేను పొయ్యంతా కట్టెలతో నింపి, కిరసనాయిలు పోసి, అగ్గిపుల్ల గీశాను. గుప్పున మండి, రెండు నిమిషాలకు ఆరింది. ఆ తర్వాత పొగ మొదలైంది. గొట్టంలోంచి బయటికి పోవలసిన పొగ తలుపు సందుల్లోంచి, అతుకుల్లోంచి గదిలోకి వచ్చింది. ఊదితే ఇంకా ఎక్కువైంది. పెద్దాయన దుప్పటి కప్పుకుని వాకిట్లోకి వెళ్లి కూర్చున్నాడు. ఆమె పైన కప్పుకున్న అబాయా అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి "దుఖ్ఖాన్" అంది. పొగ అని అర్థం. మొదటి రెండు వారాల్లో ఆమె నాతో ఆ ఒక్కమాటే మాట్లాడింది. రోజూ మాట్లాడింది.

బుసైతీన్‌లోని వాళ్ల పెద్దింటినుంచి మూడు రోజులకోసారి సరుకులు తెచ్చే డ్రైవరు ఒకాయన ఉండేవాడు. నిజామాబాద్ ముసల్మాను, నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. తెలుగు మాట్లాడటానికి ఆ ఇంట్లో నాకు ఉన్నది ఆయనొక్కడే. గదిలోకి తొంగి చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏంది భాయ్, ముసలోళ్లకు పొగవెట్టి సంపుతవా ఏంది?"

"కట్టెలు మంచియి గావు" అన్నాను.

"కట్టెలు మంచియి గావో, నీకే తెల్వదో. తెల్వదని సెప్పరాదు?"

చెప్పలేకపోయాను. చెప్తే టికెట్టు చేతిలో పెడతారని భయం. నడుము బాగా లేనివాణ్ణి ఇంకెవరు పెట్టుకుంటారు?

కట్టెలు మంచివి కావన్నది సగం నిజమే. తోటలో దొరికేది ఖర్జూరమే. ఆకు ఈనెలు చిటపటలాడి నిమిషంలో బూడిదైపోతాయి. మొద్దులు చూడటానికి మొద్దులే, లోపలంతా పీచు. నీళ్లు పీల్చుకుని రోజంతా పొగలు కక్కుతూ కూర్చుంటాయి, మంట ఇవ్వవు. పొద్దున్న చెట్లకు నీళ్లు పెట్టి, గడ్డి కోసి, ఇల్లు ఊడ్చి, వంటకు నీళ్లు మోసి, ఆ తర్వాత పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నానికి కళ్లు రక్తం కారినట్టు ఎర్రగా ఉండేవి. అంత చేసినా చెయ్యి ఆనిస్తే ఇనుము గోరువెచ్చగా తగిలేది. పెద్దాయన ఏమీ అనేవాడు కాదు. ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని కూర్చునేవాడు. తిడితే బాగుండునని నాకనిపించేది.

అప్పుడొక బుద్ధి తక్కువ పని చేశాను. మా పాత సైటు దగ్గర విరిగిపోయిన షట్టరింగ్ చెక్కలు గుట్టగా పడి ఉంటాయి. డ్రైవరును అడిగి బండి నిండా వేయించుకొచ్చాను. ఎండిన చెక్క, చక్కగా మండుతుందనుకున్నాను. కాంక్రీటు అంటుకోకుండా ఆ చెక్కలకు మేమే నూనె పూసేవాళ్లం. మూడేళ్లు పూసిన చేతులివి. ఆ సంగతి నాకు గుర్తుకు రాలేదని చెప్పను. గుర్తుకు వచ్చింది. ఇంకా బాగా మండుతుందిలే అనుకున్నాను.

మండింది. సాయంత్రం నమాజు కాకముందు, పట్టపగలే, పొయ్యిలో గాలిదుమారంలాంటి చప్పుడు మొదలైంది. చూస్తుండగానే గొట్టం అడుగున ఎర్రబారింది. రెండు వారాలుగా తడికట్టెల పొగ లోపల జిగురు మసిగా పేరుకుపోయి ఉంది, అదంతా ఒక్కసారి అంటుకుంది. కిటికీ చెక్క నల్లబడి పొగ రావడం మొదలైంది. దానికి జానెడు పైన కప్పు కర్రలు, ఆకుల చాప. నేను గాలి కంత మూశాను. తలుపు బిగించాను. పెరట్లో తొట్టినుంచి నీళ్లు తెచ్చి కిటికీ మీద కొట్టాను, మళ్లీ వెళ్లాను, మళ్లీ కొట్టాను. ఎన్ని బకెట్లో లెక్క తెలియదు. కాలు తిమ్మిరెక్కి ఒకసారి నీళ్లతోపాటు పడిపోయాను. ఆమె వెనకనుంచి వచ్చి ఆ ఖాళీ బకెట్టు అందుకుని తొట్టి వైపు నడిచింది. ఆ వయసులో, ఆ బరువుతో, నిండు బకెట్టు మోసుకొచ్చింది.

కప్పు అంటుకోలేదు. కిటికీ సగం కాలింది. గదంతా నూనె కంపు. పెద్దాయన వాకిట్లో కుర్చీ అంచున వంగి కూర్చుని దగ్గుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే కఫీల్ వచ్చాడు. కాలిన కిటికీ చూశాడు, పెరట్లో మిగిలిన చెక్కలు చూశాడు. షట్టరింగ్ కాంట్రాక్టరు కాబట్టి ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. "పొయ్యి వచ్చన్నావు" అన్నాడు. నేను తలదించుకున్నాను. "ఖలాస్" అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. తండ్రిని బండిలో కూర్చోబెట్టాడు. తల్లిని కూడా రమ్మంటే ఆమె గుమ్మంలో నిలబడి చాలాసేపు ఏదో చెప్పింది. గొంతు పెంచలేదు. మధ్యలో రెండుసార్లు చేత్తో నన్ను చూపించింది. కొడుకు కాసేపు విని, తల అడ్డంగా ఊపి, ఆమె నుదుటి మీద ముద్దుపెట్టుకుని బండెక్కాడు. 

వెళ్లేముందు డ్రైవరు నాకు చెప్పాడు. "పెద్దమ్మ రాదట. కోళ్లున్నయట. నువ్వు గూడ ఉండాల్నట. తెల్వనోనికి తెల్వని సామాన్ అప్పజెప్పింది నువ్వే గద అని కొడుకునే అన్నది."

రెండు రోజులు నేను ఆ పొయ్యి వైపు వెళ్లలేదు. మూడోరోజు పొద్దున ఆమె నన్ను పెరట్లోకి పిలిచింది. అక్కడ రొట్టెలు కాల్చే తన్నూరు ఉండేది. నడుములోతు కుండలాంటి మట్టిపొయ్యి, అడుగున పక్కగా ఒక రంధ్రం. అందులో నిప్పు చేసి, నా చెయ్యి పట్టుకుని ఆ రంధ్రం దగ్గర పెట్టింది. వేళ్ల మధ్యనుంచి గాలి లోపలికి పోతోంది, చల్లగా, ఆగకుండా.

"హవా" అంది.

అది హిందీలోనూ అదే మాట. మా ఇద్దరికీ ఉమ్మడిగా దొరికిన మొదటి మాట.

తర్వాత గదిలోకి తీసుకెళ్లి ఇనుప పొయ్యి కంత దగ్గర నా చెయ్యి పెట్టింది. లోపల నాలుగు ఈనెలు వెలిగించింది. నా వేళ్లకు ఏమీ తగల్లేదు. గాలి పోవడం లేదు. ఆమె నా ముఖంలోకి చూసింది, అర్థమైందా అన్నట్టు. అర్థమైంది. గొట్టం లాగడం లేదు. మిద్దెక్కి చూశాను. గొట్టం బిగించినవాడు దాన్ని పిట్టగోడకంటే కిందే ఆపేశాడు. ఉత్తరపు గాలి గోడకు కొట్టుకుని తిరిగి నేరుగా గొట్టం నోట్లోకి వస్తోంది. పుస్తకంలో ఆ బొమ్మ ఉంది, మిద్దెకంటే ఎత్తుగా గొట్టం, పక్కన బాణం గుర్తు. నేను ఆ పేజీ పది సార్లు చూసి ఉంటాను.

బిగించకుండా మిగిలిన గొట్టం ముక్కలు రెండు తెచ్చి అతికించి, పిట్టగోడ దాటేలా లేపి, ఇనుప తీగలతో మూడు వైపులా కట్టాను. లోపలి మసి ఖర్జూరపాకుల చీపురుతో గీకి గీకి తీశాను. దిగి వచ్చి ఈనెలు వెలిగించి కంత దగ్గర చెయ్యి పెట్టాను. గాలి పోతోంది. ఆమె కూడా పెట్టింది. "హవా" అని లేచి కోళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ చలికాలంలో మిగిలిన రోజులు ఆమె నాకు నిప్పు చేయడం నేర్పింది. బూడిదంతా తోడేయకూడదు, రెండు వేళ్ల మందం పరుపులా ఉంచాలి. ముందు ఖర్జూరపు పీచు, దాని మీద ఈనెలు, ఆ తర్వాత వేలంత పుల్లలు. పెద్ద కట్టె పెట్టేది నిప్పులు పడ్డాకే. నాకు ఓపిక ఉండేది కాదు. కట్టె పెట్టడం, కదపడం, ఊదడం చేసేవాణ్ణి. ఆమె నా చేతి మీద ఒకటి వేసి "ష్వయ్ ష్వయ్" అనేది, నెమ్మదిగా అని. కదిపితే నిప్పు చెదిరిపోతుంది, దాన్ని దాని మానాన వదిలెయ్యమని సైగ చేసేది. ఆమె నేల మీద చతికిలబడి కూర్చునేది, నేను పక్కన. ముట్టుకోకుండా కూర్చోవడమే నాకన్నిటికంటే కష్టమనిపించింది. పనివాణ్ణి ఖాళీగా కూర్చోబెడితే చేతులు ఊరుకోవు.

ఇక మిగిలింది కట్టె. దాన్ని నేనే కనిపెట్టాను, కనిపెట్టానని చెప్పుకోవడానికి అందులో గొప్పేమీ లేదు. పక్కన ఉప్పునీళ్లు పడి వదిలేసిన తోట ఒకటి ఉంది. అందులో ముళ్ల పొద దట్టంగా పెరిగింది. నేను రోజూ దాని పక్కనుంచే వెళ్లేవాణ్ణి. ఒకరోజు డ్రైవరు బండి ఆపి ఆ పసుపు కాయ ఒకటి తెంపి వాసన చూశాడు.

"గిది మన సర్కారు తుమ్మ గాదె?"

సర్కారు తుమ్మే. మా ఊళ్లో రైలు పట్టాల పొడుగూతా ఉంటుంది. బొగ్గులు కాల్చేవాళ్లు దాన్నే కొడతారు. పచ్చిగా ఉంటే ముల్లు తప్ప ఏమీ లేదనిపిస్తుంది, ఎండితే ఇనుములా ఉంటుంది, గంటలకొద్దీ నిప్పు నిలుపుతుంది. తోట యజమాని కొట్టుకోమన్నాడు, పీడ పోతుందన్నాడు.

కానీ అది ఎండాలి. ఎండటానికి ఒక ఎండాకాలం పట్టాలి. అలా ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, మధ్యలో ఇంటికి వెళ్లిన నెల పోగా, నేను చలికాలం కోసం కట్టెలు కొట్టాను. ఊరంతా ఏసీల్లో ఉంటే నేను తెల్లవారగానే గొడ్డలి, రంపం, తోపుడు బండి తీసుకుని వెళ్లేవాణ్ణి. ఎనిమిది దాటితే నిలబడటం కుదిరేది కాదు. నడుము కోసం చిన్న చిన్న ముక్కలే కోసేవాణ్ణి, బండిలో సగమే నింపేవాణ్ణి. ముల్లు చెప్పులోంచి దిగి ఒక వారం కాలు బూరెలా వాచింది. చెమట కంట్లో పడి మండుతుంటే, ఈ ఎండలో నేను వెచ్చదనం పోగుచేస్తున్నానన్న ఆలోచన వచ్చి ఒక్కణ్ణే కూర్చుండిపోయేవాణ్ణి. నవ్వు కూడా వచ్చేది కాదు. ఇంటి తూర్పు గోడకు ఆనించి, గాలి ఆడేలా సందులు ఉంచి పేర్చాను. రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి వినేవాణ్ణి. పచ్చికట్టె దబ్బుమంటుంది. ఎండినది టంగుమని పలుకుతుంది. సెప్టెంబరు చివర్లో కొన్ని పలకడం మొదలుపెట్టాయి.

జూలైలో ఇంటికి వెళ్లినప్పుడు, వాన పడుతున్న ఒక పొద్దున నా భార్య పొయ్యి ముందు కూర్చుని ఊదుతోంది. కట్టెలు తడిశాయి. చుట్టూ పొగ. దగ్గుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఊదుతోంది. పదేళ్ల కాపురంలో అది నేను వెయ్యిసార్లు చూసి ఉంటాను. ఆ రోజు మాత్రం నా కళ్లే మండినట్టయింది. వెళ్లి పక్కన కూర్చుని, బూడిద ఒక పక్కకు తీసి, పుల్లలు మార్చి పేర్చాను.

"లే, లే. గిదేం పని? సూసినోళ్లు ఏమనుకుంటరు" అంది.

"నాకొస్తది. దుబాయిల గిదే చేస్తున్న."

ఆమె చేతిలో ఊదుగొట్టం పక్కన పెట్టి నా ముఖం చూసింది. వేళాకోళం చేస్తున్నాననుకుంది. తర్వాత కాదని తెలిసింది. "పొయ్యి ముట్టియ్యనీకె అంత దూరం పోవాల్నా" అని మెల్లగా అంది. మంట రాజుకుంది, ఆమె ఎసరు పెట్టింది. ఆ నెలంతా పొద్దుటి పొయ్యి నేనే ముట్టించాను. ఆమె వద్దనడం మానేసింది. మా ఇంటి ముందునుంచి వెళ్లేవాళ్లు తొంగి చూస్తే మాత్రం తలుపు సగం వేసేది.

రెండో చలికాలం పెద్దాయన మళ్లీ వచ్చాడు. నేను ముందురోజే పొయ్యి వెలిగించి గోడలు వెచ్చబడనిచ్చాను. మందపాటి రాయి వేడెక్కడానికి ఒక పగలు పడుతుందని అప్పటికి నాకు తెలుసు. ఆయన వచ్చి కూర్చున్నాడు, కాఫీ తాగాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. తర్వాత తలమీది ఉన్ని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అంతే. ఆ పెద్దాయన జుట్టు నేను మొదటిసారి చూశాను, తెల్లగా, పల్చగా.

"ఏం చెట్టు ఇది?" అని అడిగాడు, కట్టెను చూపించి.

చెప్పాను. మా దేశంలో ఉంటుందన్నాను.

"మీ చెట్టా? మా తోటలన్నీ మింగేస్తోంది."

"మాది కూడా కాదు బాబా. అక్కడా ఎవరో తెచ్చి నాటిందే."

"అయితే అందరికీ పరాయిదే" అని, ఇంకొకటి వెయ్యమన్నాడు.

ఆ శీతకాలం ఇల్లు బాగుండేది. పెద్దాయన భార్య కూడా వచ్చి కూర్చునేది. పొయ్యి మీద చిన్న గిన్నెలో పాలు కాచేది. దుఖ్ఖాన్ అనడం మానేసింది. కానీ నేను అలిసిపోయాను. బాగా మండే పొయ్యి మండని పొయ్యికంటే ఎక్కువ పని చెబుతుంది. ప్రతి రెండు గంటలకూ కట్టె. పొద్దునే బూడిద. వారానికోసారి మిద్దెక్కి గొట్టం దులపడం. అద్దం మీద మసి. శుక్రవారాలు రాజధాని మనామాలో మా వైపువాళ్లంతా కలుసుకునేవారు. నిప్పు వదిలి పోలేక రెండు మూడు వారాలు వెళ్లలేదు. తర్వాత ఎవరూ నాకోసం చూడటం మానేశారు. ఎక్కడ ఉన్నా ముక్కులో పొగ వాసన, చెవిలో ఆ చిటపట. కూర్చుంటే కునుకు, కునుకులో ఆరిపోయిందేమోనని ఉలికిపాటు. ఆరుబయట గాలి మారితే నడుముకే ముందు తెలిసేది.

జనవరిలో మూడు రోజులు వాన పట్టింది. అక్కడ అంత వాన అరుదు. మురికి కాలువలుండవు, నీళ్లు ఎక్కడివక్కడే నిలబడిపోతాయి. మొదటిరోజే కరెంటు పోయింది, ఫోను పోయింది. మిద్దె మట్టి నానిపోయి నాలుగు చోట్ల కారింది. ఆ ఉదయాన్నే ఆమెకు చలిజ్వరం వచ్చింది. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు, డ్రైవరు రాలేడు. పక్క తోటల్లో ఎవరి దగ్గరా నడిచే బండి లేదు. పెద్దాయన, నేను కలిసి ఆమె పరుపును పొయ్యి దగ్గరికి లాగాం. ఇక నిప్పు ఆరకూడదు.

నేను లోపల పెట్టుకున్న కట్టెలు రెండో రోజుకు అయిపోయాయి. గోడవారన ఉన్నవి తడిసిపోయాయి. వాటిని పొయ్యి చుట్టూ నిలబెట్టి ఆరబెడుతూ, ఆరిన ఒక్కొక్కటే లోపలికి తోస్తూ వచ్చాను. అవి ఆరే వేగం సరిపోలేదు. మూడోరోజు ఉదయం నా గదిలోకి వెళ్లి నా మంచం బయటికి తెచ్చాను. నడుము కోసం నేనే ఉత్త చెక్కతో చేసుకున్న బల్ల మంచం. రంగు లేదు, నూనె లేదు. వాసన చూసి మరీ పగలగొట్టాను. ఆమె ఒళ్లు కాలిపోతోంది, పళ్లు మాత్రం టకటక కొట్టుకుంటున్నాయి.

మధ్యాహ్నమయ్యేసరికి నాకు నిలబడే శక్తి లేదు. కట్టె అందుకుందామని వంగి, వంగినచోటే కూర్చుండిపోయాను. పెద్దాయన వచ్చి నా చేతిలోంచి ఆ ముక్క తీసుకున్నాడు.

"రఫీక్, నువ్వు పడుకో."

"ఆరిపోతది బాబా."

"నేనున్నాను కదా. ఎప్పుడు వెయ్యాలో అది చెప్పు చాలు."

చెప్పాను. కట్టె నల్లబడి, అంచులు తెల్లబడి, నిప్పుగా విరిగిపడ్డాక మరొకటి. కదపొద్దు. ఊదొద్దు. ఆయన ఒక్కో మాటకూ తల ఊపాడు. ఆ గదిలో తివాచీ మీద మాబోటివాళ్లు కూర్చోవడమే అలవాటు లేదు. నేను దాని మీదే పడి నిద్రపోయాను. సాయంత్రం డ్రైవరు ప్యాంటు తొడలదాకా మడుచుకుని నీళ్లలో నడిచి వచ్చి లేపేదాకా నాకు తెలియదు. పొయ్యి మండుతూనే ఉంది. పెద్దాయన అరచేతి మీద రెండు బొబ్బలు. ఆమెను దుప్పట్లో చుట్టి, రోడ్డుదాకా మోసి, డ్రైవరు అక్కడ నిలిపిన ఎత్తు చక్రాల బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. పది రోజులకు తిరిగి వచ్చింది. వచ్చిన రోజే పెరట్లోకి వెళ్లి కోళ్లను లెక్కపెట్టుకుంది. కఫీల్ నాకు కొత్త మంచం తెచ్చాడు, పరుపుతో సహా. అది మెత్తగా ఉండి నా నడుముకు పడలేదు. నేల మీదే పడుకునేవాణ్ణి.

ఆమె ఆ వేసవిలో బుసైతీన్ ఇంట్లో పోయింది. చలివల్ల కాదు, నిద్రలో. డ్రైవరు వచ్చి చెప్పాడు. శ్మశానం గోడ బయట మిగతా పనివాళ్లతో నిలబడ్డాను. కఫీల్ బయటికి వచ్చినప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

అలవాటు కొద్దీ ఆ ఎండాకాలం కూడా కట్టెలు కొట్టాను. అక్టోబరుకు తూర్పు గోడ సగందాకా పేర్చాను. డిసెంబరులో పెద్దాయన ఒక్కడే వచ్చాడు. నేను పీచు, ఈనెలు, పుల్లలు పేర్చి అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని ఉన్నాను. ఆయన పొయ్యి దాటి లోపలికి వెళ్తూ "వద్దు" అన్నాడు. మర్నాడు అడిగితే కూడా అదే. మూడోరోజు అడగలేదు.

ఒక నిజం చెప్పాలి. ఆ "వద్దు" విన్నప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఒళ్లంతా వదులైంది. బూడిద లేదు, మిద్దె లేదు, ఉలికిపాటు లేదు. ఆ రాత్రి గాఢంగా నిద్రపోయి, పొద్దున లేచాక సిగ్గుపడ్డాను. చనిపోయిన మనిషి నేర్పిన పని తప్పినందుకు సంతోషపడినవాణ్ణని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, డ్రైవరుకు కూడా. కట్టెల గుట్టను చేపలు కాల్చి అమ్మే పొరుగాయన తీసుకెళ్లాడు.

పెద్దాయనకు చలి మాత్రం తగ్గలేదు. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఇంటి ముందు గోడ మీద ఎండ పడేది. ప్లాస్టిక్ కుర్చీ అక్కడ వేసి ఆయన్ని కూర్చోబెట్టేవాణ్ణి. కోటు తొడుక్కుని, కళ్లు మూసుకుని, గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. బొంబాయి సంగతులు ఎప్పుడైనా ఒకటి చెప్పేవాడు. నేను పక్కన కింద కూర్చునేవాణ్ణి. నీడ పాదాల మీదికి రాగానే "రఫీక్" అనేవాడు. లేచి, ఆయన చెయ్యి పట్టుకుని నిలబెట్టి, కుర్చీని నాలుగడుగులు ఎండలోకి జరిపేవాణ్ణి. మధ్యాహ్నందాకా అలా ఆరేడుసార్లు. ఆ చలికాలమంతా నా పని అదే.